కార్డులో లేదు, మిషన్‌లో ఉంది: కువైట్ మెడికల్‌కు ముందు హెచ్‌బీఎస్‌ఏజీ గందరగోళం

కడప_పెద్దన్న
మా తమ్ముడికి కువైట్‌లో డ్రైవరు పని కుదిరింది. హైదరాబాదులో గల్ఫ్ మెడికల్‌కు వెళ్లాలి. అక్కడ ఒకసారి అన్‌ఫిట్ అని పడితే తర్వాత ఎంత మొత్తుకున్నా వినరని, ముందుగా ఇక్కడే రక్తం చూపించుకోమని తెలిసినవాళ్లు చెప్పారు. సరేనని బద్వేలులో ఒక చిన్న ల్యాబులో కార్డు టెస్టు చేయించాం. హెచ్‌ఐవీ లేదు, హెపటైటిస్ బి లేదు, సి లేదు. ఏజెంటుకు అది చాలలేదు. మిషన్ రిపోర్టే కావాలన్నాడు. అదే వారంలో కడపలో ఇంకొక చోట ఇచ్చాం. అన్నీ బాగానే ఉన్నాయి కానీ హెపటైటిస్ బి చూసే హెచ్‌బీఎస్‌ఏజీ దగ్గర మాత్రం దిట్టమైన అక్షరాలతో 'రియాక్టివ్' అని వచ్చింది. పక్కన 2.31 అని అంకె, దాని కింద కటాఫ్ 1.00 అని ఉంది.

అప్పటినుంచి ఇంట్లో ఎవరికీ ముద్ద దిగడం లేదు. అమ్మ వాడి కంచం, చెంబు వేరుగా పెట్టింది. వాడు వరండాలో మంచం వేసుకుని పడుకుంటున్నాడు. ఏజెంటేమో 15 వేలు ఇస్తే మెడికల్‌లో 'వేరే ఏర్పాటు' చేయిస్తానంటున్నాడు. వాడికి కళ్లు పచ్చబడలేదు, నీరసం లేదు, నిన్న కూడా వడ్ల మూటలు మోశాడు.

రెండింటిలో ఏది నమ్మాలి? మూడో ల్యాబుకు వెళితే మూడో మాట చెబుతారేమోనని భయంగా ఉంది.

ఉగ్గాణి_బజ్జి
మూడో ల్యాబులో 'ఉంటే ఉండవచ్చు' అని వస్తుంది. నాలుగో ల్యాబువాళ్లు మిగతా మూడు రిపోర్టులూ చూసి మెజారిటీ ప్రకారం తీర్పు రాస్తారు.

వేరుశనగ_చేను
ఇందులో గందరగోళం ఏమీ లేదు. మిషన్‌ను అప్పు మీద కొన్నవాడు నెలకు ఇంతమందికి ఏదో ఒకటి అంటగట్టాలి, లేకపోతే వాయిదాలు ఎవరు కడతారు? మా నాన్నకు షుగరు చూడమని వెళితే గుండె, కీళ్లు, థైరాయిడ్ అన్నీ కలిపి ప్యాకేజీ చేతిలో పెట్టారు. కార్డులో లేదన్నారు కదా, అది నమ్మి పిల్లవాణ్ణి మెడికల్‌కు పంపండి.

పరీక్షనాళిక
వేరుశనగ అన్నా, ప్యాకేజీల గురించి మీరన్న మాటకు నేను అడ్డు చెప్పను. కర్నూలులో చాలా ఏళ్లుగా ల్యాబులోనే పని చేస్తున్నాను, అవన్నీ రోజూ చూసేవే. కానీ కార్డులో లేదు కాబట్టి లేదనడం తప్పు. మిషన్‌లో ఉంది కాబట్టి ఉందనడమూ తొందరపాటే.

రెండు పరీక్షలూ వెతికేది ఒకే పదార్థాన్ని. హెపటైటిస్ బి వైరస్ పైపొరలో ఉండే ప్రొటీను అది. 1960లలో బరూచ్ బ్లంబర్గ్ దాన్ని మొదట ఒక ఆస్ట్రేలియా ఆదివాసి రక్తంలో గుర్తించారు. ఆయనకు 1976లో నోబెల్ వచ్చింది. మాకు పాఠం చెప్పిన మాస్టారు పదవీ విరమణ దాకా దాన్ని 'ఆస్ట్రేలియా యాంటిజెన్' అనే పిలిచారు.

తేడా అంతా వెతికే పద్ధతిలోనే. కార్డు మీద సీరం, అంటే రక్తం గడ్డ కట్టాక పైన తేలే ద్రవం, చుక్కలు వేస్తే అది పట్టీ వెంట పాకుతుంది. సి దగ్గర గీత వస్తే కార్డు పనిచేసినట్టు, టి దగ్గర కూడా వస్తే యాంటిజెన్ ఉన్నట్టు. చదవాల్సింది కిట్టు మీద రాసిన సమయానికి, మామూలుగా 15 నుంచి 20 నిమిషాల మధ్య. టీకి వెళ్లి గంట తర్వాత వచ్చి చూస్తే లేని గీత కూడా కనిపిస్తుంది. మసక వెలుతురులో చూస్తే ఉన్న సన్నగీత కూడా కనిపించదు. మిషన్‌లో కంటితో పనిలేదు. యాంటిజెన్‌కు అంటుకున్న రసాయనం వెలుగును ఇస్తుంది, ఆ వెలుగును యంత్రం కొలుస్తుంది. మంచి మిషన్లు మిల్లీలీటరుకు 0.05 అంతర్జాతీయ యూనిట్ల దగ్గరే పట్టేస్తాయి. చాలా కార్డులకు గీత రావాలంటే అంతకు ఎన్నో రెట్లు ఉండాలి. కాబట్టి కార్డులో రాకుండా మిషన్‌లో రావడం వింత కాదు.

నాకు అనుమానం ఆ 2.31 మీద. ఏళ్ల తరబడి వైరస్ ఒంట్లో ఉన్నవాళ్లకు ఈ అంకె సాధారణంగా వందల్లో, వేలల్లో ఉంటుంది. 2.31 అంటే గడప దాటి ఒక్క అడుగు. ఇలాంటివి వస్తే ఆ సీరాన్నే మళ్లీ సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, రెండుసార్లు చేసి చూడాలి. రక్తం పూర్తిగా గడ్డ కట్టకముందే తొందరపడి తిప్పితే సన్నటి ఫైబ్రిన్ పోగులు మిగిలిపోతాయి, అవి మిషన్ సూదికి తగిలి దొంగ లెక్క చూపిస్తాయి. రిపోర్టు అడుగున చిన్న అక్షరాల్లో ఏమి రాశారో చదివి ఇక్కడ పెట్టండి.

కడప_పెద్దన్న
చదివాను. 'మళ్లీ పరీక్షించి నిర్ధారించాం, వైద్యుడిని సంప్రదించండి' అని ఉంది. ఫోను చేసి అడిగితే రెండుసార్లు చేశామని, 2.2, 2.4 వచ్చిందని చెప్పారు.

పరీక్షనాళిక
అయితే పోగుల కథ కాదు. ల్యాబు తన పని సక్రమంగా చేసింది. వేరుశనగ అన్నా, ఇది కూడా గమనించండి.

వేరుశనగ_చేను
గమనించాను. బిల్లు కూడా గమనించమనండి.

బుగ్గవంక
ఈ మిషన్లూ వద్దు, గీతలూ వద్దు. మా ఊరి పక్కన కామెర్లకు పసరు పోసే పెద్దాయన ఉన్నాడు. ముందు చేతులకు ఏదో కషాయం రాసి, సున్నపు తేటలో కడిగిస్తాడు. రోగం ఉంటే నీళ్లు పచ్చగా మారతాయి. మూడు వారాలు వెళితే ఆ పచ్చదనం తగ్గుతూ వస్తుంది. నా కళ్లతో చూశాను. మా మేనమామకు అలాగే తగ్గింది.

పరీక్షనాళిక
బుగ్గవంక అన్నా, ఆ కషాయం మామిడి చెక్కది. అది రాసిన చేతిని సున్నపు తేటలో పెడితే ఎవరి చేయైనా పచ్చనీళ్లే వదులుతుంది. మీరు వెళ్లి నాకు ఒంట్లో బాగానే ఉందని చెప్పి కడిగించుకోండి, మీకూ వస్తుంది. వారం వారం పచ్చదనం తగ్గడానికి కషాయం పలచన చేస్తే చాలు.

పైగా పెద్దన్న తమ్ముడికి కామెర్లే లేవు. హెపటైటిస్ బి ఒంట్లో ఉన్న చాలామందికి ఏళ్ల తరబడి కళ్లు తెల్లగానే ఉంటాయి. లేని పచ్చదనాన్ని ఆయన ఎక్కడినుంచి కడుగుతాడు?

బుగ్గవంక
మరి మా మేనమామకు ఎలా తగ్గింది?

కాలేయం_కబుర్లు
అనంతపురంలో జనరల్ ఫిజీషియన్‌ను. మీ మేనమామగారికి వచ్చింది హెపటైటిస్ ఎ గానీ ఇ గానీ అయి ఉంటే, ఏ మందూ వాడకపోయినా ఎక్కువమందికి కొన్ని వారాల్లో దానంతట అదే తగ్గుతుంది. ఆ వారాల్లో ఎవరు దగ్గరుంటే వాళ్లకే పేరు. సెలైన్ పెట్టిన మా డాక్టర్లకూ అలా ఉచితంగా చాలా పేరు వచ్చింది, దాచుకోను.

నాకు భయం తగ్గనివారి గురించి. కాలేయం నిజంగా దెబ్బతింటోందా అన్నది కళ్ల రంగు చెప్పదు, దెబ్బతిన్న కాలేయ కణాల నుంచి రక్తంలోకి వచ్చే ఎస్‌జీపీటీ కూడా ఒక్కోసారి చెప్పదు. ఎస్‌జీపీటీ రెండు వేల నుంచి మూడు వందలకు పడిపోతే ఇంట్లోవాళ్లు సంబరపడతారు. చచ్చిపోవడానికి కణాలు మిగలకపోయినా అది అలాగే పడుతుంది. అందుకే దానితోపాటు రక్తం గడ్డ కట్టడానికి ఎంతసేపు పడుతుందో చెప్పే పీటీ ఐఎన్‌ఆర్ చూడాలి. రక్తం గడ్డ కట్టించే ప్రొటీన్లను తయారుచేసేది కాలేయమే. ఎస్‌జీపీటీ దిగుతూ ఐఎన్‌ఆర్ ఎక్కుతుంటే వెంటనే పెద్ద ఆసుపత్రికి వెళ్లాలి.

ధర్మవరం_చీర
డాక్టరు గారు చెప్పిన ఐఎన్‌ఆర్ పేరు వింటే ఇప్పటికీ నాకు గుండె ఆగినంత పని అవుతుంది. మా ఆడపడుచుకు ఏడో నెలలో కామెర్లు వచ్చాయి. ఆ ఎండాకాలం వాళ్ల వీధిలో కుళాయి పైపు పగిలి మురికి కాలువ నీళ్లు కలిశాయి. వీధిలో ఇంకొందరికి కూడా వచ్చాయి. బి, సి పరీక్షలు చేస్తే లేవు. తర్వాత హెపటైటిస్ ఇ కోసం హెచ్‌ఈవీ ఐజీఎం అని చేస్తే పాజిటివ్. గర్భంతో ఉన్నవాళ్లకు ఇది ప్రాణం మీదికి వస్తుందని చెప్పి ఆసుపత్రిలోనే ఉంచుకున్నారు.

రోజూ పొద్దున్నే నీలం మూత గొట్టంలో రక్తం తీసేవారు. ఒకరోజు నరం దొరక్క సగం గొట్టమే నిండింది. దాన్నే పంపిస్తే ఐఎన్‌ఆర్ బాగా పెరిగినట్టు వచ్చింది. ఇంటిల్లిపాదీ ఏడ్చాం. డ్యూటీలో ఉన్న అమ్మాయి మాత్రం గొట్టం చూపించి, గీత దాకా నిండలేదు, ఇది లెక్కలోకి రాదని మళ్లీ తీసింది. రెండోసారి మామూలుగానే వచ్చింది. తల్లీ బిడ్డా క్షేమం. బిడ్డకు ఇప్పుడు బడి వయసు.

పరీక్షనాళిక
అక్కా, ఆ అమ్మాయి చేతికి దండం పెట్టాలి. నీలం మూత గొట్టంలో ముందే సిట్రేట్ ద్రవం ఉంటుంది. తొమ్మిది పాళ్ల రక్తానికి ఒక పాలు ద్రవం అని లెక్క. రక్తం తగ్గితే ద్రవం ఎక్కువై, గడ్డ కట్టడం ఆలస్యమై, అంకె ఊరికే పెరుగుతుంది. మా దగ్గర సగం నిండిన గొట్టం వస్తే తిప్పి పంపుతాం. రోగి తరపువాళ్లు మమ్మల్ని తిడతారు.

కాలేయం_కబుర్లు
ధర్మవరం గారి ఉదాహరణలో ఇంకొక సంగతి ఉంది. 1955-56లో ఢిల్లీలో తాగునీటిలో మురుగు కలిసి సుమారు 29 వేల మందికి కామెర్లు వచ్చాయి. అప్పుడు దాన్ని హెపటైటిస్ ఎ అనుకున్నారు. దాచి ఉంచిన రక్తం నమూనాలను దశాబ్దాల తర్వాత పరీక్షిస్తే ఎ కాదు, బి కాదు. ఆ కనపడని మూడోదే తర్వాత హెపటైటిస్ ఇ అయింది. 1983లో మిఖాయిల్ బలయన్ అనే రష్యన్ శాస్త్రవేత్త రోగుల మలం నుంచి వడగట్టిన ద్రవాన్ని తానే మింగి, కామెర్లు తెచ్చుకుని, తన మలంలోనే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో వైరస్‌ను చూశాడు.

ఉగ్గాణి_బజ్జి
డాక్టరు గారూ, టిఫిన్ వేళ. నా పేరు చూసి అయినా దయ చూపాల్సింది.

హంద్రీ_గట్టు
పెద్దన్నా, అంకెలు, గీతల మీద నా బాధ కూడా వినండి. నాకు హెపటైటిస్ సి ఉండేది. ఎప్పుడో చిన్నప్పుడు ప్రమాదం జరిగి రక్తం ఎక్కించారు, అప్పుడు వచ్చి ఉంటుందన్నారు. పన్నెండు వారాలు మాత్రలు వేసుకున్నాను. మందు ఆపిన పన్నెండు వారాలకు వైరస్ జన్యుపదార్థాన్ని వెతికే ఆర్‌ఎన్‌ఏ పరీక్ష చేస్తే వైరస్ లేదు. నయమైందని రాసిచ్చారు.

ఈమధ్య హెర్నియా ఆపరేషన్‌కు వెళ్లాను. ముందురోజు కార్డు పెట్టారు. యాంటీ హెచ్‌సీవీ పాజిటివ్. ఇక చూడండి, కేస్ షీటు మీద ఎర్ర అక్షరాలు, నన్ను జాబితాలో అందరికంటే చివరికి నెట్టారు. వార్డులో పక్క మంచం ఆయన మంచమే జరుపుకున్నాడు. నేను నయమైన కాగితం చూపిస్తే, 'మా కార్డులో పాజిటివ్ వచ్చింది కదా' అంటారు.

పరీక్షనాళిక
మీ కార్డు చచ్చేదాకా పాజిటివే, హంద్రీ అన్నా. అది వెతికేది వైరస్‌ను కాదు, వైరస్‌తో పోరాడటానికి మీ ఒళ్లు తయారుచేసుకున్న యాంటీబాడీని. వైరస్ పోయినా అది పోదు. హెపటైటిస్ సి ఇప్పుడు ఉందా లేదా చెప్పేది ఆర్‌ఎన్‌ఏ పీసీఆర్, లేదా కోర్ యాంటిజెన్. హెచ్‌బీఎస్‌ఏజీ అలా కాదు, అది వైరస్ ముక్కే. ఒకే రకం కార్డు మీద రెండు గీతలు వస్తాయి కాబట్టి రెండింటి అర్థమూ ఒకటేనని మా కుర్రవాళ్లే పొరబడుతుంటారు.

తిరగేసి చూసినా ఇదే ఇబ్బంది. సి వైరస్ సోకాక యాంటీబాడీ కనపడటానికి 8 నుంచి 11 వారాలు పట్టవచ్చు. అంతవరకు కార్డు నెగెటివే చూపిస్తుంది. ఆర్‌ఎన్‌ఏ మాత్రం ఒకటి రెండు వారాల్లోనే దొరుకుతుంది.

వేరుశనగ_చేను
అంటే కార్డులు దండగ అన్నమాట. ఊళ్లల్లో శిబిరాలు పెట్టి గుచ్చేదంతా వృథానా?

నర్సక్క_నంద్యాల
దండగ అని ఎవరూ అనలేదు. కరెంటు లేని చోట, ఫ్రిజ్ లేని చోట, నొప్పులతో వచ్చిన గర్భిణికి రాత్రి రెండు గంటలకు ఏ మిషన్ తేగలం? తల్లికి బి ఉందని కార్డు చెబితే బిడ్డకు పుట్టిన 24 గంటల్లో టీకా, వీలైతే ఇమ్యునోగ్లోబులిన్ కూడా ఇవ్వగలం. ఆ గీత వల్ల ఎంతమంది పిల్లలు బతికిపోయారో మాకు తెలుసు.

పెద్దన్నా, అసలు విషయం ఒకటి అడుగుతాను. తమ్ముడికి ఈమధ్య హెపటైటిస్ బి టీకా వేయించారా? గల్ఫ్ వెళ్లేవాళ్లకు మెడికల్ ముందు వేయించుకోమని ఏజెంట్లు చెబుతుంటారు.

కడప_పెద్దన్న
వేయించాం. ఏజెంటే చెప్పాడు, వేసుకుంటే టెస్టులో రాదని. బద్వేలులో కార్డు చేయించడానికి ముందురోజు మొదటి డోసు పడింది. దానికీ దీనికీ సంబంధం ఉందా?

ఉగ్గాణి_బజ్జి
నర్సక్కా, ఏ కళాశాల అక్కా మీది? సీబీఐలోకి రావాల్సింది.

పరీక్షనాళిక
నర్సక్క అడిగింది నేను అడగాల్సిన మొదటి ప్రశ్న.

సంబంధం ఉంది. ఆ టీకాలో ఉండేదే హెచ్‌బీఎస్‌ఏజీ. పెద్దవాళ్ల డోసులో సాధారణంగా 20 మైక్రోగ్రాములు. కండలో పడ్డ కొద్దిరోజులకు కొంత రక్తంలోకి చేరుతుంది. పదునైన మిషన్ దాన్ని పట్టుకుంటుంది, కార్డుకు అది ఆనదు. టీకా తర్వాత 18 రోజుల దాకా ఇలా కనపడవచ్చని వైద్య గ్రంథాల్లోనే ఉంది. అంకె 2.31 దగ్గర ఉండటం, ఒంట్లో ఏమీ లేకపోవడం, అన్నీ దీనికి సరిపోతున్నాయి.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. అనుమానపు పాజిటివ్‌లను తేల్చడానికి న్యూట్రలైజేషన్ అని ఒక పరీక్ష ఉంది. సీరంలో యాంటీబాడీ కలిపి మళ్లీ చూస్తారు. వెలుగు తగ్గితే అది నిజమైన యాంటిజెనే అని అర్థం. తమ్ముడి విషయంలో అది కూడా 'నిజమే' అంటుంది, ఎందుకంటే ఒంట్లో ఉన్నది నిజమైన యాంటిజెనే, వైరస్ నుంచి కాకుండా సూది నుంచి వచ్చింది. కాబట్టి డబ్బు దానికి పెట్టకండి. యాంటీ హెచ్‌బీసీ టోటల్ చేయించండి. అది వైరస్ లోపలి భాగానికి వచ్చే యాంటీబాడీ. టీకాలో లోపలి భాగం ఉండదు, పైపొర ప్రొటీనే ఉంటుంది. కొత్తగా వైరస్ సోకిన తొలి వారాల్లో కూడా యాంటీ హెచ్‌బీసీ రాకపోవచ్చు కాబట్టి, టీకా పడి నెల దాటాక హెచ్‌బీఎస్‌ఏజీతో కలిపి చేస్తే లెక్క తేలిపోతుంది.

వేరుశనగ_చేను
అంటే టీకాతో రోగం ఎక్కించారన్నమాట. నేను మొదటినుంచీ చెబుతున్నది ఇదే.

కాలేయం_కబుర్లు
మీరు మొదటినుంచీ చెబుతున్నది మిషన్ వాయిదాల గురించి. ఈ టీకాలో వైరస్ ఉండదు. ఆ ఒక్క ప్రొటీనును ఈస్టు కణాలతో తయారు చేయిస్తారు. అందులో వైరస్ డీఎన్‌ఏ లేదు కాబట్టి అది పెరగడం, అంటుకోవడం జరగవు. మన దేశంలో ఈ పద్ధతిలో మొదట తయారైన టీకా కూడా బయటిది కాదు, 1997లో హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ తెచ్చిన శాన్‌వాక్-బి.

ఏజెంటు చెప్పింది మాత్రం శుద్ధ తప్పు. వైరస్ ముందే ఒంట్లో ఉంటే టీకా దాన్ని తీసేయదు, పరీక్షనుంచి దాచదు.

పెద్దన్న గారూ, అమ్మగారితో చెప్పండి. ఒకవేళ నిజంగానే బి ఉన్నా అది కంచం, చెంబు, పక్క మీద పడుకోవడం వల్ల రాదు. రక్తం, లైంగిక సంబంధం, తల్లి నుంచి బిడ్డకు, ఇవే దారులు. గడ్డం గీసుకునే బ్లేడు, పళ్లు తోమే బ్రష్షు వేరుగా ఉంటే చాలు.

సల్మియా_డ్రైవర్
కువైట్ నుంచి రాస్తున్నాను, మాది ప్రొద్దుటూరు. పెద్దన్నా, ఆ 15 వేలు ఇవ్వవద్దు. ఇక్కడ దిగాక అకామా (నివాస అనుమతి) కోసం మళ్లీ రక్తం తీస్తారు. హెపటైటిస్, హెచ్‌ఐవీ అన్నీ మళ్లీ చూస్తారు. హైదరాబాదులో ఎవరి రక్తమో పెట్టి దాటినా ఇక్కడ నీ తమ్ముడి రక్తమే ఇవ్వాలి. నా గదిలో ఉన్న ఒకతను అలా వచ్చి తిరుగు విమానం ఎక్కాడు. వీసాకు చేసిన అప్పు మిగిలింది.

కడప_పెద్దన్న
ఏజెంటుకు వద్దని చెప్పేశాను. కోపం వచ్చింది వాడికి, రానీ. నెల ఆగుతాం. అమ్మ కంచం కలిపేసింది కానీ చెంబు ఇంకా వేరే ఉంది.

ఉగ్గాణి_బజ్జి
అందరూ తెలివైన ప్రశ్నలు అడుగుతున్నారు కాబట్టి నాదీ ఒకటి. నేను జుట్టు రాలకుండా బయోటిన్ మాత్రలు వేసుకుంటున్నాను. రక్తదానం చేద్దామనుకుంటున్నాను. వీటికీ రక్తపరీక్షలకీ ఏమైనా ఉందా? నవ్వకండి, ముందు వైపు నిజంగానే పలచబడింది.

పరీక్షనాళిక
నవ్వను, మంచి ప్రశ్న. కొన్ని కంపెనీల మిషన్లలో యాంటీబాడీని పట్టి ఉంచే కొక్కెమే బయోటిన్. ఒంట్లో మాత్రల బయోటిన్ ఎక్కువగా ఉంటే అది వెళ్లి ఆ కొక్కేలు తగులుకోవాల్సిన చోట్లను ఆక్రమిస్తుంది. హెచ్‌బీఎస్‌ఏజీ లాంటి పరీక్షల్లో అంకె తగ్గిపోయి, ఉన్నది లేనట్టు రావచ్చు. పెద్ద మోతాదులు వేసుకునేవాళ్లు రక్తం ఇచ్చేముందు ఆ సంగతి చెప్పి, ఎన్ని రోజులు ఆపాలో అడగాలి.

వేరుశనగ_చేను
జుట్టు కోసం మందు, రక్తానికి దొంగ లెక్క. బట్టతలే నయం, నన్ను చూడండి.

హంద్రీ_గట్టు
పరీక్షనాళికా, ఎలీసా అని ఒకటి అంటారు కదా, అది కార్డా, మిషనా?

పరీక్షనాళిక
మధ్యలోది. 96 చిన్న గుంటలున్న పలక. గుంటల అడుగున యాంటీబాడీ పూసి ఉంటుంది. సీరం వేసి, కడిగి, ఎంజైము అంటించిన రెండో యాంటీబాడీ వేసి, మళ్లీ కడిగి, రంగు ద్రవం వేస్తే ఉన్న గుంట నీలంగా మారుతుంది. ఆమ్లం చుక్క పడగానే ఆ నీలం పసుపవుతుంది, దాన్ని 450 నానోమీటర్ల దగ్గర రీడర్‌తో కొలుస్తాం. ఎలీసా అంతా కడగడంలోనే ఉంది. ఒక గుంట సరిగా కడగకపోతే పక్కింటి నెగెటివ్ కూడా పసుపెక్కుతుంది. ఒక్క మనిషి కోసం పలక మొదలుపెట్టరు, నమూనాలు పోగయ్యేదాకా ఆగుతారు. అందుకే రిపోర్టు రేపు, ఎల్లుండి అంటారు.

కడప_పెద్దన్న
నెల దాటాక అదే ల్యాబులో ఇచ్చాం. హెచ్‌బీఎస్‌ఏజీ 0.24, నాన్ రియాక్టివ్. కానీ యాంటీ హెచ్‌బీసీ దగ్గర 2.08 అని ఉంది, కటాఫ్ 1.00. దాని పక్కన కూడా నాన్ రియాక్టివ్ అనే రాశారు. కటాఫ్ దాటింది కదా, వీళ్లు పొరపాటున రాశారా? తమ్ముడు మళ్లీ వరండాలోకి వెళ్లిపోయాడు.

పరీక్షనాళిక
వాణ్ణి లోపలికి పిలవండి. రిపోర్టు సరిగ్గానే ఉంది. యాంటీ హెచ్‌బీసీని చాలా మిషన్లు పోటీ పద్ధతిలో చేస్తాయి. రోగి రక్తంలోని యాంటీబాడీ, కిట్టులోని యాంటీబాడీ ఒకే చోటు కోసం కొట్టుకుంటాయి. వెలుగు ఇచ్చేది కిట్టుది. రోగి దగ్గర యాంటీబాడీ లేకపోతే కిట్టుదే గెలిచి వెలుగు, అంకె పెరుగుతాయి. ఉంటే తగ్గుతాయి. అంటే ఇక్కడ 1.00 కంటే తక్కువ వస్తేనే రియాక్టివ్. 2.08 అంటే వైరస్ వాడి ఒంట్లోకి వచ్చి వెళ్లిన జాడ కూడా లేదు.

కాలేయం_కబుర్లు
నేనూ అదే అంటాను. రెండూ కలిపి చూస్తే అది టీకా యాంటిజెనే.

ఇది చదివే వేరే ఎవరికైనా నిజంగా పాజిటివ్ వస్తే ఒక మాట. హెచ్‌బీఎస్‌ఏజీ ఆరు నెలలు దాటి ఉంటే దీర్ఘకాలికం అంటాం. అప్పుడు ఎస్‌జీపీటీ, వైరస్ జోరుగా పెరుగుతోందా అని సూచించే హెచ్‌బీఈ యాంటిజెన్ (ఈ-యాంటిజెన్), రక్తంలో వైరస్ ఎంత ఉందో చెప్పే డీఎన్‌ఏ వైరల్ లోడ్ చూసి మందు కావాలో వద్దో తేలుస్తాం. ఈ-యాంటిజెన్ నెగెటివ్ అనగానే వైరస్ నిద్రపోయిందనుకోకూడదు. మార్పు చెందిన కొన్ని వైరస్‌లు ఆ ప్రొటీను తయారు చేయకుండానే లక్షల్లో పెరుగుతాయి. ఖర్చుకు భయపడి ఆగవద్దు, 2018 జులై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద బి, సి పరీక్షలూ మందులూ ప్రభుత్వ చికిత్సా కేంద్రాల్లో ఉచితం.

బుగ్గవంక
నిన్న ఆ పెద్దాయన దగ్గరికి వెళ్లి చేతులు కడిగించుకున్నాను. పచ్చగా వచ్చాయి. కామెర్లు బాగా ముదిరాయట, మూడు వారాలు రమ్మన్నాడు. నిన్ననే కామెర్లను కొలిచే బిలిరుబిన్ చేయించుకున్నాను, 0.6, అంటే మామూలే.

ఉగ్గాణి_బజ్జి
అన్నా, నువ్వు ఈ చర్చకు చేసిన సేవ మరువలేం.

కడప_పెద్దన్న
అందరికీ రుణపడి ఉంటాం. ఒక్క సందేహం. రెండో డోసు వేళయింది. మెడికల్ వచ్చే వారం. రేపే వేయించేయనా?

నర్సక్క_నంద్యాల
వద్దు! ముందు మెడికల్ కానివ్వండి. రెండో డోసు కూడా అదే ప్రొటీను. కొద్దిరోజులు ఆలస్యమైతే మొదటినుంచి మొదలుపెట్టనక్కరలేదు, అక్కడినుంచే కొనసాగించవచ్చు.

సల్మియా_డ్రైవర్
ఇక్కడ దిగాక కూడా మెడికల్ ఉంటుందని మరవవద్దు. ఆ తేదీ దగ్గర్లో టీకా పెట్టుకోవద్దని చెప్పు. టీకా కార్డు, రెండు రిపోర్టులు చేతి సంచిలో పెట్టుకోమను, పెద్ద పెట్టెలో కాదు. నా పెట్టె మొదటిసారి వచ్చినప్పుడు దోహాలోనే ఆగిపోయింది.